రూట్ కెనాల్ చేసిన పన్నులో ఏ సీలర్ పెట్టారో పేషెంట్‌కి రాసివ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన పేపర్లలో హెల్త్ పేజీ తీస్తే రూట్ కెనాల్ గురించి వచ్చేదంతా ఒకటే ధోరణి. నొప్పి లేకుండా ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది, పన్ను పీకించుకోకండి, క్యాప్ వేయించుకోండి అని. అందులో తప్పేం లేదు, నేనూ పేషెంట్లకి అదే చెప్తా. కానీ అలా చేయించుకున్న పన్నే కొన్నేళ్ళకి మళ్ళీ వాచి చీము పట్టి, లోపల నింపిందంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సి వస్తే ఆ పని ఎలా ఉంటుంది, కొన్ని పళ్ళు గంటలో తెరుచుకుని ఇంకొన్ని రెండు మూడు సిట్టింగులైనా ఎందుకు లొంగవు అన్నది మాత్రం ఎవరూ రాయరు. నేను ఎండోడాంటిస్ట్‌ని, అంటే రూట్ కెనాల్ స్పెషలిస్ట్‌ని, ఇలా మళ్ళీ చేసే రూట్ కెనాల్స్, అంటే రీ-ఆర్‌సీటీలే నా పనిలో పెద్ద భాగం, అందుకే రాస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, రూట్ కెనాల్ చేసిన ప్రతి డాక్టరూ లోపల ఏ సీలర్ (నింపే పేస్టు) పెట్టారో, జీపీ (నింపే పుల్ల) ఎంత వరకు వెళ్ళిందో పేషెంట్ చేతికి కాగితం మీద రాసివ్వాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత ఆ పన్ను నిలుస్తుందా పోతుందా అన్నది చాలాసార్లు దీని మీదే ఆధారపడుతుంది.

ముందు లోపల ఏముంటుందో చెప్పాలి, ఎందుకంటే చాలామందికి పన్నులో "సిమెంట్" పెట్టారు అన్నంత వరకే తెలుసు. నరం తీసేశాక, వేరు లోపలి కాలువని (కెనాల్ అంటే ఇదే) ఫైల్స్ అనే సన్నటి ఆకురాయి లాంటి పనిముట్లతో వెడల్పు చేసి, బాక్టీరియాని చంపే సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, ఆ ఖాళీని రెండు పదార్థాలతో నింపుతాం. ఒకటి గట్టా పెర్చా, మేము జీపీ అంటాం, గులాబీ రంగు సన్నటి పుల్లలా ఉంటుంది. పేరు చెట్టు పాలదే అయినా అందులో అసలు గట్టా పెర్చా సుమారు 20 శాతమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. రెండోది సీలర్, అంటే జీపీకీ పన్ను గోడకీ మధ్య సందుల్లో, పక్క కాలువల్లో, జీపీ చేరలేని మూలల్లో నిండే పలచటి పేస్టు. కాసేపటికో కొన్ని గంటలకో అది గట్టిపడుతుంది. మళ్ళీ తెరవాల్సి వచ్చినప్పుడు జీపీ పెద్దగా ఇబ్బంది పెట్టదు, వేడికి మెత్తబడుతుంది, క్లోరోఫాం లాంటి సాల్వెంట్ (కరిగించే ద్రవం) చుక్క పడితే కరుగుతుంది, మెషీన్‌తో తిరిగే రీట్రీట్‌మెంట్ రోటరీ ఫైల్ పెడితే చుట్టుకుని బయటికి వచ్చేస్తుంది. తిప్పలంతా సీలర్‌తోనే, అందులోనూ ఏ సీలర్ అన్నదాన్ని బట్టి.

పాత జింక్ ఆక్సైడ్ యూజెనాల్ రకం ఉంది, లవంగ నూనె వాసన వచ్చేది. 1930ల నుంచీ వాడుకలో ఉన్నది ఇదే, మన దగ్గర ఇప్పటికీ చాలా క్లినిక్కుల్లో ఉంది. ఇది తియ్యడం తేలిక. సాల్వెంట్ పడితే మెత్తబడుతుంది, ఫైల్ దిగుతుంది, అడుగు వరకు వెళ్ళడానికి సాధారణంగా దారి దొరుకుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ సీలర్లు కూడా ఇంచుమించు అంతే.

తర్వాత ఎపాక్సీ రెజిన్, ఏహెచ్ 26, దాని తర్వాత వచ్చిన ఏహెచ్ ప్లస్. కొత్త సీలర్ ఏది వచ్చినా దీంతోనే పోల్చి చూస్తారు, అంత నమ్మకమైనది. గోడకి గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కువ కరగదు, కాబట్టి తియ్యడం కొంచెం కష్టమే, అయినా క్లోరోఫాం కొంతవరకు మెత్తబరుస్తుంది, ఓపిగ్గా చేస్తే దారి దొరుకుతుంది.

ఇప్పుడు అందరి నోటా ఉన్నది బయోసెరామిక్, అంటే కాల్షియం సిలికేట్ సీలర్లు. దీని మూలం అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో టొరాబినెజాద్ అనే ఎండోడాంటిస్ట్ 1990ల మొదట్లో బయటికి తెచ్చిన ఎంటీఏ. అది సీలర్ కాదు, వేరుకి పడ్డ చిల్లులు పూడ్చడానికి వాడేది, కానీ ఆ రసాయనమే తర్వాత సిరంజిలో రెడీమేడ్‌గా వచ్చే సీలర్లకి దారి తీసింది. ఇది గట్టిపడటానికి తడి కావాలి, పన్ను గోడలోని సన్న గొట్టాల్లో ఉండే చెమ్మనే వాడుకుంటుంది. పెట్టిన కొత్తలో క్షార గుణం బాగా ఎక్కువ కాబట్టి బాక్టీరియాకి పడదు, ఎముకకి హాని తక్కువ, ముడుచుకుపోదు, సిరంజి చివరతో నేరుగా కెనాల్‌లో వదిలి ఒక్క జీపీ కోన్ (ఆ గులాబీ పుల్లే) పెట్టేస్తే పని అయిపోతుంది. మా వాళ్ళకి ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు, నేనూ వాడతాను, మంచి మెటీరియల్. కానీ గట్టిపడ్డాక దీన్ని కరిగించడానికి మా షెల్ఫ్‌లో ఉన్న సాల్వెంట్ ఏదీ సరిగా పనిచేయదు. క్లోరోఫాం లోపలి జీపీనే మెత్తబరుస్తుంది, సీలర్‌ని కాదు. ఆసిడ్లతో మెత్తబరచొచ్చని పరిశోధనలు జరుగుతున్నాయి కానీ రోజూ క్లినిక్‌లో భరోసాగా వాడుకునే దశకి అది రాలేదు.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2011లో జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్‌లో వచ్చింది. పీకేసిన పళ్ళలో బయోసెరామిక్ సీలర్, జీపీ పెట్టి, గట్టిపడ్డాక వేడి, క్లోరోఫాం, రోటరీ ఫైల్స్, చేతి ఫైల్స్ అన్నీ వాడి తీసి చూశారు. కొన్నిట్లో జీపీ కోన్‌ని కెనాల్ పూర్తి పొడవు పెట్టారు, కొన్నిట్లో కావాలనే పొట్టిగా పెట్టి చివరి భాగాన్ని సీలర్‌కే వదిలేశారు. కోన్ పొట్టిగా ఉన్న వాటిలో 70 శాతం పళ్ళలో మళ్ళీ పూర్తి పొడవు వరకు వెళ్ళలేకపోయారు, వేరు చివర రంధ్రం మళ్ళీ తెరుచుకోలేదు. కోన్ నిండుగా ఉన్న వాటిలో మాత్రం చివర తెరుచుకోనివి 20 శాతమే. సీలర్ అదే, వాడిన పనిముట్లూ అవే, తేడా అంతా చివరి రెండు మిల్లీమీటర్లలో జీపీ ఉందా లేదా అన్నదే. ఇంటి స్లాబ్ పోసే ముందు కరెంటు పైపు వేసుకోకపోతే తర్వాత వైరు లాగడానికి కాంక్రీటు కొట్టాల్సిందే కదా, జీపీ కోన్ ఆ పైపు లాంటిది, అది మెత్తబడితే ఫైల్‌కి దారి ఉంటుంది, అది లేని చోట ఫైల్‌కి ఎదురయ్యేది గట్టిపడ్డ సీలర్ ఒక్కటే.

నా అసలు బాధ ఇక్కడే. బయోసెరామిక్‌తో ఒక్క కోన్ పద్ధతి సులువు కాబట్టి, కోన్ కొంచెం పొట్టిగా పడినా సీలర్ నింపేస్తుందిలే అన్న ధీమా మా వాళ్ళలో పెరిగింది, సెమినార్లలో కూడా ఈ మాట విన్నాను. నింపుతుంది, నిజమే. ఎక్స్‌రేలో కూడా అద్భుతంగా కనిపిస్తుంది, ఎందుకంటే సీలర్‌లో ఎక్స్‌రేకి తెల్లగా కనబడే పదార్థం కలుపుతారు, కాబట్టి వేరు చివరి దాకా తెల్ల గీత నిండుగా ఉంటుంది, పేషెంట్ ఖుషీ, డాక్టర్ ఖుషీ. కానీ ఆ తెల్ల గీత చివర్లో ఉన్నది జీపీనా, సీలర్ ఒక్కటేనా అన్నది చాలాసార్లు ఎక్స్‌రే చూసి తేల్చలేం. తెల్లగా ఉన్నది ఎపాక్సీనా, జింక్ ఆక్సైడా, బయోసెరామిక్కా అన్నదీ కచ్చితంగా చెప్పలేం. ఆ విషయం తెలిసింది నింపిన డాక్టర్ ఒక్కరికే. ఆయన రాసివ్వకపోతే తర్వాత తెరిచేవాళ్ళు గుడ్డిగా దిగాల్సిందే.

గుడ్డిగా దిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. మెత్తగా వస్తుందనుకుని ఫైల్ నొక్కుతాం, గట్టి సీలర్‌కి తగిలి ఫైల్ పక్కకి జారుతుంది, వంపు తిరిగిన వేరులో అయితే గోడలో మెట్టు పడుతుంది, ఒకసారి మెట్టు పడితే ఏ ఫైల్ పెట్టినా అక్కడికే వెళ్ళి ఆగుతుంది. ఇంకా నొక్కితే వేరుకి పక్కన చిల్లు, లేదా ఫైల్ విరిగి లోపలే ఉండిపోతుంది. ఇవన్నీ నిర్లక్ష్యం వల్లే జరుగుతాయని అనుకోవద్దు, మైక్రోస్కోప్ కింద జాగ్రత్తగా చేసినా జరుగుతాయి. లోపల ఉన్నది బయోసెరామిక్ అనీ, కోన్ పొట్టిగా ఉందనీ ముందే తెలిస్తే అసలు ప్లానే మారిపోతుంది, సాల్వెంట్ మీద టైం వేస్ట్ చేయం, పై భాగంలో అల్ట్రాసోనిక్ టిప్స్‌తో (వేగంగా కంపించే సన్నటి మొనలతో) మొదలుపెడతాం, సీబీసీటీ అనే పంటి 3డీ స్కాన్ ముందే తీయిస్తాం, అడుగు వరకు వెళ్ళలేమేమో అని పేషెంట్‌కి ముందే చెప్తాం, ఒక్కోసారి పైనుంచి తవ్వడం కన్నా చిగుళ్ళు తెరిచి వేరు చివర కోసి కిందనుంచి సీల్ చేసే చిన్న ఆపరేషనే మంచిదని తేలుతుంది. క్యాప్, లోపల పోస్ట్ (క్యాప్‌కి ఆధారంగా వేరులో పెట్టే కడ్డీ) అన్నీ బాగున్న పన్నుకి ఇది చాలా పెద్ద తేడా, ఎందుకంటే క్యాప్ పగలగొట్టి పోస్ట్ లాగి అంతా చేశాక చివర్లో దారి లేదని తెలిస్తే పేషెంట్ డబ్బూ పోయె, పన్నూ బలహీనపడె.

బయోసెరామిక్ కన్నా కష్టమైనది ఇంకోటుంది, పెద్దవాళ్ళ పళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంటుంది. రిసార్సినాల్ ఫార్మాలిన్ రెజిన్, ప్రపంచమంతా రష్యన్ రెడ్ అంటారు. రష్యా, తూర్పు యూరప్, చైనాతో పాటు మన దేశంలో కూడా వాడారు. ఈ రెజిన్ పట్టిన పన్ను ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో మారిపోతుంది, పూర్తిగా గట్టిపడ్డాక ఏ సాల్వెంట్‌కీ కరగదు. పన్ను రంగు చూసి కొంత ఊహించవచ్చు కానీ క్యాప్ ఉంటే అదీ కనపడదు. నాన్నకో తాతకో ఎప్పుడో చేయించిన పన్ను తెరిచాక లోపల ఎర్రటి గట్టి పదార్థం కనిపిస్తే, నేను చెయ్యగలిగింది మైక్రోస్కోప్ కింద అల్ట్రాసోనిక్‌తో మిల్లీమీటరు మిల్లీమీటరుగా దిగడమే, సగంలో ఆగిపోవాల్సి రావడం కూడా మామూలే. ఆ రోజుల్లో చేసిన వాళ్ళు ఉన్నంతలో చేశారు, వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. కానీ ఇప్పుడు మనం పెడుతున్నది ఇంకో ఇరవై ఏళ్ళకి ఎవరో తెరవాల్సి వస్తుందన్న ఆలోచన మనకి ఉండాలి కదా.

ఇదంతా చదివి బయోసెరామిక్ వద్దు, పాత జింక్ ఆక్సైడే పెట్టమని డాక్టర్‌ని అడగాలేమో అని ఎవరూ అనుకోవద్దు. తియ్యడం తేలిక అన్నది సీలర్ ఎంచుకోవడానికి మొదటి కారణం కాకూడదు. పన్ను మళ్ళీ తెరవాల్సిన అవసరమే రాకుండా మొదటిసారే బాగా చేయడం ముఖ్యం. రూట్ కెనాల్ ఫెయిల్ అయ్యేది కూడా ఎక్కువగా సీలర్ వల్ల కాదు, పై దవడ మొదటి పెద్ద పన్నులో రెండో ఎంబీ కెనాల్ (ముందు వైపు బుగ్గ పక్క వేరులో దాగి ఉండే రెండో సన్న కాలువ) దొరక్క వదిలేయడం, లోపల బాక్టీరియా మిగిలిపోవడం, రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ కట్టే రబ్బరు షీటు) లేకుండా ఉమ్ము లోపలికి పోవడం, క్యాప్ లీక్ అవ్వడం, పేషెంట్ క్యాప్ వేయించుకోకుండా నెలల తరబడి టెంపరరీ ఫిల్లింగ్‌తోనే తిరగడం, ఇవీ కారణాలు. అలాగే బయోసెరామిక్ పెడితే ఇక రీ-ఆర్‌సీటీ కుదరదు అని మా వాళ్ళలో కొందరు చెప్పే మాట కూడా తప్పు. కోన్ నిండుగా ఉంటే చాలా పళ్ళలో దారి దొరుకుతుంది, అందుకే కోన్ పొడవు గురించి ఇంత గొంతు చించుకుంటున్నా.

ఇంకో సంగతి, ఏ సీలర్ అయినా నూటికి నూరు శాతం బయటికి రాదు. పీకిన పళ్ళని మైక్రో సీటీలో (చాలా సూక్ష్మంగా చూపే స్కాన్‌లో) చూసిన పరిశోధనలన్నీ చెప్పేది అదే, ఏ ఫైల్ వాడినా, ఏ సాల్వెంట్ పోసినా గోడల మీద, ముఖ్యంగా వేరు చివరి భాగంలో, ఎంతో కొంత మిగులుతుంది. సాల్వెంట్ మరీ ఎక్కువ పోస్తే కరిగిన జీపీ పల్చటి పొరలా గోడకి పూసుకుని ఇంకా ఇబ్బంది పెడుతుంది. మిగిలిన ప్రతి ముక్కా ప్రమాదం కాదు, కానీ దాని వెనక బాక్టీరియా దాక్కుని ఉంటే హైపోక్లోరైట్ అక్కడికి చేరదు. చివరి వరకు వెళ్ళి కడగగలిగామా లేదా అన్నదే లెక్క. 1990లో స్వీడన్ నుంచి వచ్చిన షోగ్రెన్ బృందం పరిశోధనలో, నరం బతికుండగా చేసిన పళ్ళలో 96 శాతం బాగుపడ్డాయి, నరం చచ్చి వేరు చివర ఎముకలో పుండు ఉన్నవాటిలో 86 శాతం, అదే అప్పటికే ఒకసారి నింపి పుండుతో వచ్చి మళ్ళీ చేసిన పళ్ళలో 62 శాతమే. అప్పటికి ఇప్పుడున్నన్ని మైక్రోస్కోపులూ స్కాన్లూ లేవు, నిజమే, అయినా రెండోసారి చేయడం మొదటిసారి అంత సులువు కాదన్నది ఇప్పటికీ మారలేదు. అలాంటప్పుడు ఆ రెండో డాక్టర్‌కి ఉన్న ఒక్క సమాచారాన్ని కూడా మనం ఇవ్వకుండా పంపడం ఏం న్యాయం చెప్పండి?

నా దగ్గరికి వచ్చే పేషెంట్ల చేతిలో ఉండే చీటీ చూస్తే బాధేస్తుంది. "ఆర్‌సీటీ 36, క్యాప్" (36 అంటే పన్ను నంబరు), కింద మందుల పేర్లు, అంతే. కొందరి దగ్గర అదీ ఉండదు, బిల్లు ఉంటుంది. పాత డాక్టర్‌కి ఫోన్ చేద్దామంటే క్లినిక్ మూసేసి వేరే ఊరు వెళ్ళిపోయి ఉంటారు, లేదా ఆ రోజు చేసింది వారానికోసారి వచ్చే కన్సల్టెంట్ అయి ఉంటారు, ఆయన ఏ సీలర్ వాడారో అక్కడి స్టాఫ్‌కి తెలియదు. ఇంకో వర్గం కూడా ఉంది, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే మన పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడ ఖర్చు తక్కువని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రూట్ కెనాల్ చేయించుకుని వెళ్ళిపోతారు, అక్కడ పన్ను మళ్ళీ వాస్తే అక్కడి డాక్టర్ ఏ మెటీరియల్ వాడారని అడుగుతారు, వీళ్ళు అర్ధరాత్రి ఇక్కడ అమ్మకి ఫోన్ చేస్తారు, అమ్మ క్లినిక్ చుట్టూ తిరుగుతుంది.

గుండెలో స్టెంట్ వేస్తే దాని బ్రాండ్, తయారు చేసిన కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలని 2017లో ధరలు తగ్గించినప్పుడు కేంద్రం హాస్పిటళ్ళకి చెప్పింది. పన్నులో పెట్టేదీ శరీరంలో ఏళ్ళ తరబడి ఉండిపోయేదే, దానికి ఒక్క లైన్ రాయడానికి ఏం అడ్డం? మా డెంటల్ కాలేజీల్లో స్టూడెంట్స్ చేత కేస్ షీట్‌లో ఇవన్నీ రాయిస్తాం, ప్రతి కెనాల్ పొడవు, మాస్టర్ కోన్ (అసలు జీపీ కోన్) సైజు, సీలర్ అన్నీ. కానీ ఆ షీట్ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటుంది, పేషెంట్‌తో ఇంటికి వెళ్ళదు. హైదరాబాద్, విజయవాడ, కడప గవర్నమెంట్ డెంటల్ కాలేజీలు మొదలుపెడితే అక్కడ చదివి బయటికి వచ్చిన ప్రతి డాక్టర్‌కీ అలవాటైపోతుంది, ప్రైవేటు కాలేజీలూ వెనకే వస్తాయి. డెంటల్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇస్తే ఇంకా మంచిది, కానీ దాని కోసం ఆగక్కర్లేదు.

నేను అడుగుతున్న కాగితం పెద్దదేం కాదు. పన్ను నంబరు, ఎన్ని కెనాల్స్ దొరికాయి, ఏదైనా దొరక్కపోతే ఆ సంగతి, ఒక్కోదాని పొడవు, జీపీ కోన్ పూర్తి పొడవు వెళ్ళిందా ఎంత పొట్టిగా ఉంది, సీలర్ పేరు, పోస్ట్ ఉంటే అది ఏ రకం, ఫైల్ ముక్క ఏదైనా లోపల ఉండిపోతే అది కూడా. ఫైల్ విరిగిన సంగతి రాయడానికి చాలామంది డాక్టర్లు భయపడతారు, పేషెంట్ గొడవ చేస్తాడని. దాచిపెట్టి, తర్వాత వేరే చోట ఎక్స్‌రేలో బయటపడితే అయ్యే గొడవ ఇంకా పెద్దది, రాసి విడమర్చి చెప్తే పేషెంట్లు అర్థం చేసుకుంటారు, నా అనుభవంలో చాలామంది చేసుకున్నారు. చివరి ఎక్స్‌రేని పేషెంట్ వాట్సాప్‌కి పంపండి. అన్నీ కలిపి మూడు నిమిషాల పని.

పేషెంట్లకి కూడా ఒక మాట. మీరు ఇదివరకే రూట్ కెనాల్ చేయించుకుని ఉంటే, పన్ను బాగానే ఉన్నా సరే, చేసిన డాక్టర్ గారు ఇంకా అదే ఊళ్ళో ఉండగానే వెళ్ళి "డాక్టర్ గారూ, నా పన్నులో ఏ సీలర్ పెట్టారు, కోన్ చివరి దాకా ఉందా, కాస్త రాసివ్వండి" అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు, రికార్డు ఉంటే వెంటనే ఇస్తారు. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. ఎడిటర్ గారూ, మీ హెల్త్ పేజీలో పైన నేను చెప్పిన వివరాలతో ఒక చిన్న ఖాళీ ఫారం వేస్తే, జనం కత్తిరించుకుని డెంటిస్ట్ దగ్గరికి పట్టుకెళ్ళి నింపించుకుంటారు. ఫారంలో ఏమేం ఉండాలో రాసి పంపమంటే ఈ వారంలోనే పంపుతాను.

ఇట్లు
ఒక ఎండోడాంటిస్ట్, కాకినాడ